బోథ్ మలుపు తిరగని వ్యాను

ఒక మనిషి తన పెళ్లిని తనే చెడగొట్టుకోవాలనుకుంటే దానికి బోలెడు దారులున్నాయి. ఒప్పుకోలు నాడు, అంటే నిశ్చితార్థం నాడు, తాగి పడిపోవచ్చు. కాబోయే మామతో వాదం పెట్టుకోవచ్చు. కూరలో ఉప్పు లేదని కాబోయే అత్త మొహం మీదే అనొచ్చు. నేను ఇవేవీ చెయ్యలేదు. బుద్ధిమంతుణ్ని. వ్యాను బాగుచేశాను, అంతే. ఆ ఒక్క పనితోనే బోథ్ నుంచి ఇచ్చోడ దాకా నా పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా చేసేదేముంది.

అప్పట్లో నేను మందమర్రిలో బొగ్గుబాయి మీద టబ్బు ఫిట్టర్ని. టబ్బంటే స్నానానిది కాదు, బాయిలోంచి బొగ్గు మోసుకొచ్చే ఇనప తొట్టి. కింద చక్రాలుంటాయి, పట్టాల మీద నడుస్తుంది. దానికి స్టీరింగు లేదు. పట్టా ఎటు పోతే అదీ అటే పోతుంది, ఎదురు మాట్లాడదు. అలాంటి టబ్బుల్ని పొద్దస్తమానం విప్పి, బిగించి, పైనుంచి కుంచెతో ఇంత గ్రీజు పూసి పంపడం నా పని. దాంతో చక్రమున్న ప్రతిదాని గుట్టూ నాకు తెలుసనే నమ్మకం ఏర్పడింది. ఇరవై దాటి ఎంతోకాలం కాలేదు. ఆ వయసులో మనకు తెలియనిదంటూ ఏముంటుంది, మీరే చెప్పండి.

నాకు కుదిరిన సంబంధం బోథ్‌లో. పిల్ల పేరు శాంత. వాళ్ల బాపు జీవయ్య జొన్న, పత్తి పండించే రైతు. వాళ్లూ మాలాగే మిషన్ చర్చి సంఘం వాళ్లే. వేసవి కూడికల్లో ఆ పిల్లను ఒకేఒక్కసారి చూశాను. ప్రసంగం నడుస్తుండగా ముందు వరసలో ఒక పెద్దమనిషి కునికి పక్కవాడి భుజం మీద పడితే, అందరూ నవ్వాపుకున్నారు, ఆ పిల్ల ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు నా చెవుల్లో ఇరుక్కుని మందమర్రి దాకా వచ్చింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి అనుకున్నాను.

కానీ ఒక చిక్కుంది. అంతకుముందు మావాళ్లు ఇచ్చోడలో ఒక కంపౌండరు గారి కూతుర్ని చూసి, చాయ్ తాగి, మిక్చరు తిని వచ్చారు. ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయింది. కానీ జీవయ్యకు ఎవరో చేరవేశారు. ఆయన మా బాపుతో ఒకే మాట అన్నాడు. "బావా, ఇచ్చోడ ముచ్చట ఇగ నా చెవుల పడొద్దు. పడ్డనాడు నా బిడ్డ నా ఇంట్లనే ఉంటది."

ఒప్పుకోలుకు బోథ్ పోవాలి. పోవడానికి మా సంఘం వ్యాను ఉంది. అది ఎన్నో ఏళ్లు ఆస్పత్రి రోగుల్ని మోసి, చివరికి తనే రోగి అయి మా దగ్గరికొచ్చింది. కొంచెం వేగం పెరిగితే చాలు, ముందు చక్రాలు రెండూ చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. ఆ వణుకు స్టీరింగులోకి, అక్కడ్నుంచి డ్రైవరు యాకోబు మామ చేతుల్లోకి, అక్కడ్నుంచి ఆయన బుగ్గల్లోకి పాకేది. వెనక కూర్చున్నవాళ్లు ఏ కీర్తన ఎత్తుకున్నా దానికి నేర్వకుండానే గమకాలు పడేవి.

"కింగ్ పిన్నులు అరిగినయ్ బిడ్డా," అన్నాడు యాకోబు మామ, చక్రం పట్టుకుని ఊపి చూపిస్తూ. "చక్రం అటిటు మళ్లే కాడ నిలువు మొలలుంటయ్ గదా, అవి. మన మోకాలి కీలు లెక్క. వాటి చుట్టున్న బుష్షులు గూడ పోయినయ్. ఒప్పుకోలు అయినంక మంచిర్యాల తీస్కపోయి వేయిద్దాం."

"అప్పటిదాంక ఎట్లాగుతది మామా? నిర్మల్ ఘాట్ల చక్రం ఊడితే?"

"మెల్లగ పోత గద."

"నేను వేస్తా."

యాకోబు మామ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వు టబ్బుల ఫిట్టర్‌వు గదరా."

"చక్రం చక్రమే గద మామా," అన్నాను.

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. మా ఇంట్లో గుర్తుపెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మా బాపు పొంగిపోయాడు. ఆ వారమే బోథ్ వైపు పోతున్న ఒకాయనతో జీవయ్యకు కబురు పంపాడు. "మా ప్రకాశం తన చేతుల తోటి బండి కీళ్లన్ని మారుస్తుండు. గా బండి మీదనే వస్తున్నం." జీవయ్య నుంచి తిరుగు కబురొచ్చింది. "చేతిల పనున్నోడే నాకు కావాలె. రానియ్యి." ఇక నేను ఆగుతానా.

సెలవునాడు మా క్వార్టరు ముందు వ్యాను ముందుభాగం జాకీ మీదికి ఎత్తి, బాయిలో కప్పుకు ఆసరా పెట్టే కట్టె దిమ్మెలు కింద పేర్చాను. లైనులో ఉన్నవాళ్లంతా కుర్చీలు తెచ్చుకున్నారు. చక్రాలు ఊడదీయడం వరకు బాగానే ఉంది. పాత పిన్ను మాత్రం తుప్పు పట్టి, పుట్టింటి నుంచి కదలనని భీష్మించుకుంది. కిరసనాయిలు పోశాను. సుత్తితో కొట్టాను. పెద్ద సుత్తితో కొట్టాను. పక్కింటివాళ్ల సుత్తి తెచ్చి కొట్టాను.

"అన్నం తినిపోరా, అదేడికి పోదు," అంది గడపలోంచి మా అమ్మ, మేం అవ్వ అనే పిలుస్తాం.

"పోతలేదనే గదా అవ్వా కొడుతున్న."

మధ్యాహ్నానికి ఆ పిన్ను ఊడింది, సాయంత్రానికి రెండోది. కొత్త పిన్నులు యాకోబు మామ ఎప్పుడో తెప్పించి గుడ్డలో చుట్టి దాచాడు, బుష్షులే లేవు. అవి తిప్పించడానికి లేత్ మీద పనిచేసే నా దోస్తు రాజం దగ్గరికి పోయాను. వాడు పాత బుష్షును వేలికి తొడుక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి నడిమిట్ల తూటున్నది. కొత్తదానికి గూడ వెయ్యాల్నా?"

పాఠకులారా, ఇదీ ఆ గడియ. దేవుడు మనిషికి ఒక్కోసారి చేతికందేలా అవకాశం ఇస్తాడు. ఊ అంటే సరిపోయేది. నేను ఆ బుష్షును వెలుతురులో పెట్టి, ఒక కన్ను మూసి, వైద్యుడు నాలుక చూసినట్టు చూశాను.

"అది వేసిన తూటు కాదురా. అరిగి పడ్డ తూటు. ఆ తూటు పడ్డదనే గదా మారుస్తున్నది."

"గింత గుండ్రంగ అరుగుతదా?"

"ఎన్నేండ్లు నడిచిందనుకున్నవ్? మన టబ్బుల బుష్షులకు ఏడన్న తూట్లున్నయా?"

"లెవ్వు," అన్నాడు రాజం. నిజమే, లేవు. టబ్బుకు గ్రీజు పైనుంచి పూస్తాం కాబట్టి లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తట్టింది మాత్రం ఇద్దరికీ లేదు. వాడు నున్నగా, బంగారు కడియాల్లా మెరిసే బుష్షులు తిప్పి ఇచ్చాడు. ఎక్కడా చీమ దూరే సందు లేదు. నేను వాటిని చూసి మురిసిపోయి, లోపల ఇంత గ్రీజు చేత్తో రాసి, పిన్నులు దిగ్గొట్టాను.

మర్నాడు యాకోబు మామ గ్రీజు గన్ను తెచ్చి చక్రం దగ్గరున్న చిన్న నిప్పిలుకు పెట్టి నొక్కాడు. లోపలికి పోవాల్సిన గ్రీజు బయటికే పిల్లి తోకలా వచ్చింది.

"తాగుతలేదేందిరా?"

"కడుపు నిండింది మామా. కొత్తవి గదా," అన్నాను.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. కానీ బండి తోలి చూశాక ఏమీ అనలేకపోయాడు. కాలనీ నుంచి రైలు గేటు దాకా తిన్నగా తోలాడు. వణుకు లేదు, ఊపు లేదు. అవ్వ ఒళ్లో పెట్టుకున్న నీళ్ల చెంబు తొణకలేదు. ఆ దారి గీత గీసినట్టు నేరుగా ఉంటుందని అప్పుడు ఎవరూ గమనించలేదు. రెండు మూడు రోజులు నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

ఒప్పుకోలు రోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. నాకు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. వెనక బాపు, అవ్వ, చుట్టాలు, పూలు పండ్ల బుట్టలు. లక్సెట్టిపేట దాకా స్వర్గం. జన్నారం దాటి అడవిలో పడ్డాక యాకోబు మామ చొక్కా చేతులు పైకి మడిచాడు.

"స్టీరింగు జర బరువైనట్టున్నది."

"కొత్త చెప్పులు కరుస్తయ్ గద మామా, గట్లనే. సదురుకుంటది."

ఖానాపూర్ దగ్గర ఆయన మెడలో తువ్వాలు తడిసిపోయింది. "ప్రకాశం, ఇది సదురుకుంటలేదు బిడ్డా. బిగుసుకుంటున్నది."

నిర్మల్లో ఆగి చాయ్ తాగాం. నేను చక్రం ముందు వంగి, పిన్ను మీద తట్టి, "ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆ మాట యాకోబు మామకు చెప్పానో, పిన్నుకు చెప్పానో నాకే తెలియదు. మళ్లీ గ్రీజు గన్ను పెట్టాం. మళ్లీ పిల్లి తోకే వచ్చింది.

ఘాట్ ఎక్కేటప్పుడు ఆయన, "నువ్వు గూడ పట్టు," అన్నాడు. నేను పక్కనుంచి వంగి పట్టుకున్నాను. ఒక స్టీరింగు, రెండు జతల చేతులు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన "దాయే" అంటే కుడికి, "బాయే" అంటే ఎడమకి, ఇద్దరం బావిలోంచి బిందె చేదినట్టు లాగాం. ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటిపోయింది. దాని మీద కూర్చున్నాయన జాలిగా చూశాడు. వెనక కీర్తన ఆగిపోయి ప్రార్థన మొదలైంది. అవ్వ గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది.

ఎలాగో ఘాట్ దాటాం. పైన దారి మళ్లీ తిన్నగా ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. తిన్నగా పోతున్నంతసేపూ ఎండిన పిన్ను ఎండిన బుష్షును హాయిగా కరుచుకుని కూర్చుంది.

బోథ్‌కు పోవాలంటే పెద్ద రోడ్డు మీద ఒకచోట ఎడమకు తిరగాలి. తిరగకపోతే దారి ఇచ్చోడ పోతుంది. మలుపు దగ్గర జీవయ్య, ఆయన వాళ్లు కచ్చురాలు, అంటే ఎడ్లబండ్లు, కట్టుకుని వచ్చి నిలబడ్డారు. డప్పు మోగుతోంది. జీవయ్య చేతిలో ఇంత లావు పూలదండ.

"బాయే," అన్నాడు యాకోబు మామ.

లాగాను. కదల్లేదు. ఒక కాలు ముందుకు తన్నిపెట్టి లాగాను. వ్యానుకు మా గొడవతో సంబంధం లేదు, పట్టాలెక్కిన టబ్బులా తిన్నగా పోతోంది. అప్పుడు మా బాపు, బాయిలో సిగ్నల్ కొట్టినట్టు, వ్యాను గోడ మీద ధన్‌మని ఒక దెబ్బ కొట్టాడు. బాయిలో ఒక దెబ్బంటే ఆగమని. యాకోబు మామ జన్మలో బాయి దిగిన మనిషి కాదు. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, తొక్కాల్సింది తొక్కకుండా పక్కది తొక్కాడు. పొద్దున్నుంచి లేని వేగం బండికి అప్పుడొచ్చింది.

జీవయ్య దండ పైకెత్తాడు. మేం ఆయన ముందునుంచే రయ్యిమని పోయాం. ఆగుతాం ఆగుతాం అని అవ్వ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. బయట చూసేవాళ్లకు అది సెలవు తీసుకున్నట్టే ఉంది. డప్పు మధ్యలో ఆగిపోవడం నాకు వినిపించింది.

వ్యాను ఆగేసరికి టేకు చెట్ల మాటున చాలా దూరం వచ్చేశాం. నేను దూకి వెనక్కి పరిగెత్తాను. మలుపు దగ్గర మనిషి లేడు. దండ మైలురాయికి వేసి ఉంది. రాయి మీద ఇచ్చోడ పేరుంది, దాని మెడలో నా దండ. బోథ్ దారిలో కచ్చురాల దుమ్ము లేస్తోంది. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. శాంత మాట దేవుడెరుగు, ముందు నా చేతుల మీదే నాకు అసహ్యమేసింది.

దండ తీసి భుజాన వేసుకుని దుమ్ము వెంట పరిగెత్తాను. అన్నిటికంటే వెనకున్న కచ్చురం జీవయ్యదే. ఆయన ఎడ్లను ఆపలేదు.

"తొవ్వ తప్పినవ్ పిలగా. ఇచ్చోడ అటున్నది."

"మామా, బండి మళ్లలే."

"కొత్త కీళ్లు వేసినవని మీ బాపు కబురు పంపిండు గదా?"

"వేసిన. అందుకే మళ్లలే."

ఆయన ఎడ్లను ఆపాడు. నా మొహం చూశాడు, తెల్ల చొక్కా చూశాడు, భుజాన దండ చూశాడు. "ఇచ్చోడోళ్లు చాయ్ పెట్టి కూసున్నరేమో, పో."

"మీరొచ్చి ఒక్కసారి స్టీరింగు తిప్పండి మామా. తిరిగితే నేను అటు నుంచటే మందమర్రి పోత. మళ్ల మొహం చూపియ్య."

జీవయ్య బండి వెనక్కి తిప్పాడు. వ్యాను దగ్గరికొచ్చి, తువ్వాలు నడుముకు బిగించి, స్టీరింగు ఎక్కి కూర్చున్నాడు. నాగలి పట్టిన చేతులు. నరాలు ఉబ్బేదాకా తిప్పాడు. దిగి, మా బాపు వైపు తిరిగి, "నిజంగనే మళ్లుతలేదు బావా," అన్నాడు. ఆ గొంతులో సగం కోపం తగ్గింది. సగమే.

ఇక మిగిలింది నేను. జాకీ ఎత్తి, తెల్ల ప్యాంటుతో వ్యాను కిందికి దూరాను. సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఎడమ పిన్ను పైనుంచి సగం దాకా వచ్చి ఆగింది. ఎండిపోయి, కాలి నీలంగా అయింది. గ్రీజు చుక్క లేదు. అంత గ్రీజు గన్ను పెట్టాం కదా, ఎందుకు పోలేదు అనుకుంటూ తల పక్కకు తిప్పాను. జీవయ్య కచ్చురం పక్కనే ఆగి ఉంది. దాని ఇరుసుకు వేలాడుతూ ఒక వెదురు గొట్టం. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన అందులోంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. కందెన లోపలికి పోవాలంటే దారి ఉండాలి. దారి.

"తూటు," అన్నాను వ్యాను కింద పడుకుని.

"ఏం తూటురా?" అన్నాడు బాపు.

రాజం అడిగిన గొంతు చెవిలో గింగురుమంది. గింత గుండ్రంగ అరుగుతదా?

సరిగ్గా ఆ సమయంలో ఇంకో కచ్చురం వచ్చి ఆగింది. ఇంటికి పోయినవాళ్లు జరిగింది చెబితే, వండిన అన్నం పాడైపోతుందని శాంతే తన మేనత్తను వెంటేసుకుని బయల్దేరిందట. అసలు సంగతి ఏందో కళ్లారా చూడాలని వచ్చిందని తర్వాత తెలిసింది. నాకు కింద నుంచి మెట్టెలు లేని రెండు కాళ్లు, చీర అంచు కనిపించాయి. ఆమెకు నా కాళ్లు మాత్రమే కనిపించాయి.

"బాపూ, ఈ కాళ్లెవరియి?"

"నిన్ను చూడవచ్చిన పిలగానియి."

"మొహం తీస్కరాలేదా?"

మేనత్త, "ఊకో, వింటడు," అంది. విన్నాను. మెల్లగా జరిగి తల బయటపెట్టాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆమె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇచ్చోడ పోతందుకు గింత పరేషానెందుకు?" అంది. "బస్సున్నది గదా."

"నేను బోథ్ రాబోయి ఇచ్చోడ దిక్కు పోయిన," అన్నాను. "తప్పు నాదే. కందెన పోయే తొవ్వ మూసిన. అది అరిగి పడ్డ తూటు అనుకున్న."

బాపు నేల చూపులు చూస్తున్నాడు, పాపం. కబురు పంపినవాడు ఆయనే కదా. శాంత తన తండ్రి వైపు చూసింది. ఆమె వంగి, కచ్చురం ఇరుసు నుంచి వెదురు గొట్టం విప్పి, నా చేతికి అందించింది.

"ఇప్పుడన్న పెట్టు. అన్నం సల్లారుతున్నది."

అప్పుడు నవ్వింది. కూడికల్లో ఆపుకోలేకపోయిన నవ్వే. వ్యాను కింద పడుకుని, చెవిలో మట్టితో, చెంపకు గ్రీజుతో నేను దాన్ని విన్నాను. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ క్షణంలో నా అంత సుఖంగా ఉన్న మనిషి ఆదిలాబాద్ జిల్లాలో ఇంకొకడు లేడు.

పిన్నులు తీసి, ఎడ్లబండి కందెన పూసి, మళ్లీ దిగ్గొట్టాను. సుత్తి పట్టుకోవడానికి జీవయ్యే వచ్చి పక్కన కూర్చున్నాడు. పని అయిపోయేటప్పుడు మా బాపుతో అన్నాడు. "బావా, ఇచ్చోడ మీద మనసున్నోడైతే గా బట్టల మీద గింతసేపు మట్టిల పండడు. ఇగ ఆ ముచ్చట ఒడిసింది." నాతో మాత్రం, "బిగించినోడివి నువ్వే, విప్పినోడివి నువ్వే. చేతిల పనున్నది బిడ్డా. జర అడిగి చెయ్యి," అన్నాడు.

వ్యాను యాకోబు మామ ఒంటి చేత్తో తిప్పితే బోథ్ మలుపు తిరిగింది. పొద్దు గూకకముందే ఒప్పుకోలు అయింది. నా చేతులు ఎంత తోమినా తెల్లబడలేదు. మైలురాయి వేసుకున్న దండనే శాంత మెడలో వేశాను. దాని మల్లెల నిండా నా వేళ్ల ముద్రలు పడ్డాయి. అవి చూసి ఆమె మళ్లీ కొంగు నోటికి పెట్టుకుంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన రెండుసార్లు ఆపాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక రాజం బుష్షులన్నిటికీ గుండ్రటి తూట్లు వేసిచ్చాడు. పెళ్లినాడు చర్చి నుంచి బయటికొస్తే వ్యానుకు అందరూ పూలు కట్టి ఉంచారు. ముందు భాగాన, సరిగ్గా కింగ్ పిన్ను దగ్గర, పూలతో పాటు ఒక వెదురు కందెన గొట్టం వేలాడుతోంది. ఎవరు కట్టారని అడిగాను. పెళ్లికూతురు పక్కకు చూసింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సమక్షంలో, ఆ వెదురు గొట్టం మీద చెయ్యి వేసి (అది ఇప్పటికీ మా వంటింటి గోడకు మేకుకు వేలాడుతోంది) ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరున్నంతవరకు, మనిషి చేసిన ఏ వస్తువుకైనా తూటు కనబడితే, అది ఎందుకుందో అడిగి తెలుసుకునేదాకా దాన్ని మూయను. తెలిసినట్టు ఒక కన్ను మూసి చూడను. చక్రం చక్రమే అనే మాట మళ్లీ నోటివెంట రానివ్వను.

ఇది రాస్తుండగానే కుట్టుమిషన్ ఆగిపోయిందని శాంత లోపల్నుంచి పిలిచింది. స్క్రూడ్రైవరు పట్టుకుని హుషారుగా లేచాను. ఆమె పిలిచింది దాన్ని బాగుచెయ్యమని కాదట. రాజాన్ని పిలుచుకు రమ్మని నాకు చెప్పడానికట.